గేటు వేశాకే రాత



ఈ మాటలు మీ దాకా రావడానికి ముందు ఇక్కడ ఒక చిన్న తతంగం జరిగింది. ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రంలో నన్నొక గదిలో కూర్చోబెట్టారు. మైకు దగ్గరికి జరిపారు. అద్దం అవతల ఉన్న ఇంజినీరు గారు చెయ్యెత్తారు. తలుపు మీద ఎర్రబల్బు వెలిగింది. ఇక ఆ బల్బు ఆరేదాకా తలుపు ఎవరూ తెరవరు. టీ తెచ్చిన పిల్లవాడైనా, నాకోసం వచ్చిన చుట్టమైనా వరండాలో ఆగాల్సిందే.

ఇప్పుడు ఒక పని పెడతాను. ఒక పుస్తకం తీసుకుని, ఆ బల్బు ఎప్పుడు వెలిగింది, ఎంతసేపు వెలిగింది, ఎవరు వెలిగించమన్నారు అన్నది మనిషిని పెట్టి రాయించాలి. ఆ మనిషిని ఎక్కడ కూర్చోబెడదాం? బయట కూర్చుంటే లోపలి సంగతి తెలియదు. లోపల కూర్చుంటే అతను కాగితం తిప్పిన చప్పుడు మీ రేడియోలో వినిపిస్తుంది.

ఇవ్వాళ నేను చెప్పబోయేది అచ్చంగా ఈ చిక్కు గురించే. కాకపోతే ఆ గది కంప్యూటరు లోపల ఉంటుంది.

నేను పాత కరీంనగర్ జిల్లాలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చెబుతాను. మా ఊళ్లో మాత్రం నేను కంప్యూటర్లు బాగుచేసే సారునే. పండక్కి ఇంటికి పోతే ఎవరో ఒకరు పాడైన ప్రింటరు సంచిలో వేసుకుని వస్తారు. వాళ్లకు చెప్పలేకపోయిన సంగతే ఈ పదిహేను నిమిషాల్లో మీకు చెప్పాలని చూస్తున్నాను.

కంప్యూటర్లో ప్రాసెసరు ఒక పని చేసుకుంటూ పోతుంటుంది. మీరు కీబోర్డు మీద ఒక అక్షరం నొక్కారు. ఆ సంగతి దానికెలా తెలియాలి? కీబోర్డు దాని భుజం తట్టి పిలుస్తుంది. నెట్‌వర్క్ కార్డుకు ఏదైనా సమాచారం అందితే అదీ తడుతుంది. లోపలున్న టైమరైతే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే చాలా యంత్రాల్లో పనిలో ఉన్న ప్రాసెసర్‌ను సెకనుకు 250 సార్లు తడుతుంది. ఈ తట్టడాన్నే ఇంటరప్ట్ అంటారు. తట్టగానే ప్రాసెసరు చేస్తున్న పని చేతిలోంచి దించి, వచ్చినవాళ్లకు జవాబు చెప్పి, మళ్లీ పని ఎత్తుకుంటుంది. ఇవన్నీ నడిపే పెద్ద మనిషి కెర్నల్. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అదే.

అయితే కొన్ని పనులు మధ్యలో దించలేం. రాట్నం మీద తెగిన దారం ముడి వేస్తున్నప్పుడు పిలిస్తే ఏం చేస్తాం? రెండు కొసలూ రెండు వేళ్ల మధ్య ఉన్నాయి, పలికామంటే జారిపోతాయి. కెర్నల్‌కు కూడా అలాంటి క్షణాలుంటాయి. ఒక జాబితాలో కొత్త పేరు చేరుస్తోంది. పాత కొస విప్పింది, కొత్త కొస ఇంకా కట్టలేదు. సరిగ్గా అప్పుడే ఇంటరప్ట్ వచ్చి, ఆ ఇంటరప్ట్ పని కూడా అదే జాబితాతో అయితే, సగం కట్టిన దారం పట్టుకుని లాగినట్టే. అందుకని కెర్నల్ అలాంటి పని మొదలుపెట్టేముందు ఇంటరప్ట్‌లను ఆపేస్తుంది. పని అయ్యాక వదులుతుంది. మన ఇళ్లల్లో ఉండే మామూలు ఎక్స్86 ప్రాసెసర్లలో దీనికంతా ఒక్క బిట్టు చాలు. అది ఒకటైతే ఎవరైనా తట్టొచ్చు. సున్నా అయితే అందరూ ఆగాలి.

దీన్ని ఇక నుంచి రైలు గేటు అనుకుందాం. కాజీపేట నుంచి బల్లార్షా పోయే లైను మన పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ మీదుగానే పోతుంది. ఆ లైను మీద ఏదో ఒక గేటు దగ్గర బండి ఆపి, బొగ్గు వ్యాగన్లు లెక్కపెట్టుకుంటూ నిలబడనివాళ్లు మన పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో తక్కువ. రైలు అంటే కెర్నల్ చేసే ఆ సున్నితమైన పని. రోడ్డు మీద బండ్లు ఇంటరప్ట్‌లు. గేటు వేయకపోతే ప్రమాదం. వేసి మరిచిపోతే రోడ్డంతా బంద్.

గేటు మరీ ఎక్కువసేపు మూసి ఉంటే కంప్యూటర్లో ఏమవుతుంది? పాట మధ్యలో టక్కుమంటుంది. మౌసు ఆగి ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. నెట్‌వర్క్ నుంచి వచ్చిన పొట్లాలు పెట్టుకునే చోటు లేక పడిపోతాయి. ఇంట్లో అయితే విసుగుతో పోతుంది. మిల్లులోనో ఆస్పత్రిలోనో సమయం తప్పకూడని యంత్రం మీదైతే విసుగుతో పోదు. అందుకే ఏ గేటు, ఎవరు, ఎంతసేపు మూశారన్నది రాసిపెట్టాలి. లినక్స్ కెర్నల్‌లో ఈ రాత 2006లో బలపడింది. ఒకే జాబితాను ఇద్దరు ఒకేసారి ముట్టుకోకుండా కెర్నల్ వేసే తాళాల వాడకంలో తప్పులు పట్టే లాక్‌డెప్ అనే పనిముట్టును హంగరీకి చెందిన ఇంగో మోల్నార్ 2.6.18 కెర్నల్‌తో తెచ్చినప్పుడు, గేటు మూసిందీ తీసిందీ కూడా లెక్క పెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత 2008 అక్టోబరులో వచ్చిన 2.6.27లో స్టీవెన్ రోస్టెడ్ చేర్చిన ఎఫ్‌ట్రేస్‌తో, అన్నిటికన్నా ఎక్కువసేపు మూసి ఉన్న గేటును పట్టి చూపే ట్రేసరు మామూలు మనుషుల చేతికి వచ్చింది. దాని పేరు ఐఆర్‌క్యూస్ ఆఫ్.

ఇక్కడిదాకా పాఠం. ఇక కథ.

మూడో సంవత్సరం కుర్రాడొకడు, లక్సెట్టిపేట పక్క ఊరివాడు, ఒక సాయంత్రం ల్యాబు మూసే వేళకు నా దగ్గరికి వచ్చాడు.

"సార్, సిస్టం లేస్తలేదు."

"ఏం చేసినవ్ రా?"

"ఏం లేదు సార్. ఒక్క లైన్ పెట్టిన."

కెర్నల్ చదివే పిల్లలు చెప్పే ఈ 'ఒక్క లైన్' మాట మీద నాకు చాలా గౌరవం. ఎక్కడ పెట్టావంటే చూపించాడు. గేటు పడిన ప్రతిసారీ కెర్నల్ పిలిచే ఒక ఫంక్షన్ ఉంటుంది, ట్రేస్ హార్డ్ ఐఆర్‌క్యూస్ ఆఫ్ అని. అందులో ఒక ప్రింట్‌కే పెట్టాడు. ప్రింట్‌కే అంటే కెర్నల్ తన మాట తెర మీద రాసే పద్ధతి. గేటు పడగానే 'గేటు పడింది' అని తెర మీద రావాలని వాడి కోరిక. న్యాయమైన కోరికే. కానీ యంత్రం లేవడం మొదలుపెట్టి, నల్ల తెరతో అక్కడే నిలబడిపోయింది. ఒక్క అక్షరం లేదు.

నేను వాడికి జవాబు చెప్పలేదు. చాక్‌పీసు ఇచ్చి, ప్రింట్‌కే లోపల మొట్టమొదట ఏం జరుగుతుందో బోర్డు మీద రాయమన్నాను. రాశాడు. ప్రింట్‌కే తన సందేశాన్ని బఫర్‌లో పెట్టేముందు, మధ్యలో ఎవరూ రాకుండా గేటు వేస్తుంది. గేటు పడింది కాబట్టి ట్రేస్ ఫంక్షన్ పిలుపు వెళుతుంది. అందులో వాడి ప్రింట్‌కే ఉంది. అది గేటు వేస్తుంది. మళ్లీ ట్రేస్. మళ్లీ ప్రింట్‌కే. మూడో వరుస రాస్తుండగా చాక్‌పీసు ఆగిపోయింది. వెనక్కి తిరిగి నవ్వాడు.

64 బిట్ల ఎక్స్86 యంత్రంలో ఎవరు ఎవరిని పిలిచారో గుర్తుంచుకోవడానికి ఒక్కో పనికి కెర్నల్ ఇచ్చే చోటు, దాన్నే స్టాక్ అంటారు, 16 కిలోబైట్లు. వాడి ప్రోగ్రాము తనను తానే పిలుచుకుంటూ ఆ 16 కిలోబైట్లనూ కళ్లు మూసి తెరిచేలోగా మింగేసింది. తెర మీద అక్షరం రాకముందే కథ ముగిసింది. మా ల్యాబులో ఉన్నది పాత 4 వరుస కెర్నల్. అందులో గేటు ముందే పడి ఉన్నా, ఎవరైనా మళ్లీ వేయబోతే ట్రేస్‌కు మళ్లీ పిలుపు వెళ్లేది. 2020లో దీన్ని సరిచేశారు. ఇప్పుడు తెరిచి ఉన్న గేటు మూసినప్పుడు, మూసి ఉన్నది తెరిచినప్పుడు మాత్రమే రాస్తారు. పడి ఉన్న గేటును మళ్లీ నొక్కితే పుస్తకంలోకి ఎక్కదు.

దీన్నిబట్టి గేటు దగ్గర రాసేవాడికి మొదటి కట్టుబాటు ఒకటి తేలింది. రాయడం కోసం మళ్లీ గేటు వేయించకూడదు. తప్పనిసరై వేస్తే, పుస్తకానికి తెలియకుండా వేసే దొడ్డిదారి ఒకటి ఉంది. కెర్నల్‌లో ఆ ఫంక్షన్ల పేర్ల ముందు 'రా' అని ఉంటుంది, పచ్చిది అన్న అర్థంలో. ట్రేసరు తన సొంత పనికి ఆ పచ్చి గేటే వాడుకుంటుంది.

రెండో కట్టుబాటు వరుసకు సంబంధించింది. నాకు ఈ మొత్తంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. మన గేట్‌మన్ ఏం చేస్తాడు? స్టేషన్ మాస్టరు ఫోన్ చేస్తాడు, ఫలానా బండి వస్తోందని. గేట్‌మన్ ముందు గేటు వేస్తాడు. వేశాకనే ఫోన్లో ప్రైవేటు నంబరు ఇస్తాడు, ఇద్దరూ రిజిస్టర్లో రాసుకుంటారు. ముందు నంబరిచ్చి తర్వాత గేటు వేస్తే, మధ్యలో ఒక ట్రాక్టరు పట్టాల మీదికి వచ్చిందంటే ఆ నంబరుకు విలువేముంది? కెర్నల్ కూడా అంతే. మూసేటప్పుడు ముందు బిట్టు సున్నా అవుతుంది, తర్వాతే 'మూశాను' అని రాత. మరి తెరిచేటప్పుడు? ఇక్కడ చాలామంది తికమక పడతారు. తెరిచాక 'తెరిచాను' అని రాయడం సహజంగా అనిపిస్తుంది. కెర్నల్ అలా చేయదు. ముందు 'తెరుస్తున్నాను' అని రాసి, ఆ తర్వాతే గేటు ఎత్తుతుంది.

ఎందుకంటే గేటు ఎత్తిన మరుక్షణం బండ్లు వచ్చేస్తాయి. కలం పట్టుకునే వ్యవధి కూడా ఉండదు. ఇంటరప్ట్ వచ్చి ప్రాసెసర్‌ను ఎత్తుకుపోతుంది. గేటు తెరిచి ఉంది, పుస్తకంలో మాత్రం మూసి ఉందని రాసి ఉంది. ఆ పుస్తకాన్ని నమ్మి లాక్‌డెప్ లేని తప్పును ఉందంటుంది, లేదా ఉన్న తప్పును వదిలేస్తుంది. కాబట్టి మూసేటప్పుడు మూశాక, తెరిచేటప్పుడు తెరవకముందు. రెండు రాతలూ గేటు మూసి ఉండగానే పడతాయి. వరుస తిరగేసినట్టు కనపడుతుంది గానీ, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే కలం కదపాలన్న ఒక్క నియమమే రెండుచోట్లా పనిచేస్తోంది.

ఇక్కడ రామగుండం సంగతి ఒకటి చెప్పాలి. ఎన్‌టీపీసీ రామగుండం థర్మల్ స్టేషన్ 2600 మెగావాట్లది. 200 మెగావాట్లవి మూడు యూనిట్లు, 500 మెగావాట్లవి నాలుగు. ఇలాంటి పెద్ద స్టేషన్లలో ఒక యూనిట్ ట్రిప్ అయితే కంట్రోల్ రూములో ఒక్కసారిగా పదుల కొద్దీ అలారాలు మోగుతాయి. అసలు కారణం ఒకటే, మిగతావన్నీ దాని వెనక వచ్చినవి. ఏది ముందు వచ్చిందో కంటితో చెప్పలేం. అందుకే థర్మల్ స్టేషన్లలో సీక్వెన్స్ ఆఫ్ ఈవెంట్స్ రికార్డరు అని ఒకటుంటుంది. ఏ స్విచ్చు ఏ క్షణంలో మారిందో ఒక్కో మిల్లీసెకను తేడాతో వరుసగా రాసిపెడుతుంది. ఇంజినీర్లు ఆ వరుస చూసి మొదటి పేరు పట్టుకుంటారు.

మా పిల్లలకు ఇది చెప్పగానే, మరి కంప్యూటర్లో కూడా అలాంటి పెట్టె పెడితే పోదా అని అడుగుతారు. పోదు, ఎందుకంటే రామగుండంలో ఆ రికార్డరు వేరే పెట్టె. టర్బైన్‌కు, దానికి మధ్య తీగ తప్ప ఏమీ లేదు. రికార్డరు రాస్తోందని టర్బైన్ ఆగదు. కెర్నల్‌లో రాసేదీ అదే ప్రాసెసరు, రాయించుకునేదీ అదే ప్రాసెసరు. ప్రాసెసరు తయారీదార్లు బయటినుంచి చూసే హార్డ్‌వేర్ ట్రేసులు ఇస్తారు నిజమే. కానీ అవి ఏ సూచన తర్వాత ఏ సూచన నడిచిందో చెబుతాయి. ఎవరు ఎందుకు గేటు వేశారో తెలియాలంటే ఆ గుట్టలోంచి మనమే ఏరుకోవాలి. రోజువారీ పనికి గేటు పక్కనే నిలబడి రాయడం తప్పదు.

అలా నిలబడి రాయడంలో ఎన్ని రకాల గోతులున్నాయో లినక్స్ వాళ్లు ఒక్కొక్కటిగా పడి తెలుసుకున్నారు. నాకు తెలిసిన వాటిలో మంచి ఉదాహరణ 2019లో సరిచేసిన ఒక తప్పు.

ప్రోగ్రాము ఒకటి తనకు కావాల్సిన చిరునామా వైపు చెయ్యి చాపుతుంది. ఆ చిరునామాలో ఉండాల్సిన పేజీ మెమరీలో ఇంకా లేదు. దాన్ని పేజ్ ఫాల్ట్ అంటారు. పేరులో ఫాల్ట్ ఉందిగానీ తప్పేమీ లేదు, రోజూ లక్షలసార్లు జరిగేదే. అప్పుడు ఎక్స్86 ప్రాసెసరు ఆ చిరునామాను సీఆర్2 అనే ఒక్క గడిలో రాసి కెర్నల్‌ను పిలుస్తుంది. గడి ఒక్కటే. గేట్‌మన్ నంబరును అరచేతి మీద రాసుకున్నట్టన్నమాట. పుస్తకంలోకి ఎక్కించాలంటే ఇంకా రెండడుగులు నడవాలి. ఆ రెండడుగుల మధ్యలో ఏముంది? గేటు పడింది కాబట్టి ట్రేసర్‌కు పిలుపు. ట్రేసరు ఊరుకోక, ఈ ప్రోగ్రాము ఎక్కణ్నుంచి వచ్చిందో స్టాక్ మొత్తం చూసి రాద్దామని ప్రోగ్రాము వైపు మెమరీలోకి చెయ్యి పెట్టింది. ఆ పేజీ కూడా మెమరీలో లేదు. ఇంకో పేజ్ ఫాల్ట్. ప్రాసెసరు అరచేతి మీద పాత నంబరు చెరిపి కొత్తది రాసింది. ట్రేసరు తన పని ముగించుకుని మర్యాదగా పక్కకు తప్పుకుంది. కెర్నల్ అరచెయ్యి చూసుకుంటే అక్కడున్నది వేరే నంబరు.

ఇక ఏ నేరం చేయని ప్రోగ్రాము తప్పు చిరునామా అన్న పేరుతో చచ్చిపోతుంది. ట్రేస్ ఆపి చూస్తే అంతా బాగుంటుంది. ట్రేస్ పెడితే చస్తుంది. ఇలాంటి జబ్బు పట్టుకోవడం ఎంత నరకమో మీరు ఊహించుకోవచ్చు. జబ్బును చూడ్డానికి తెచ్చిన దీపమే జబ్బు తెచ్చింది. మందు మాత్రం చిన్నది. లోపలికి రాగానే, ట్రేసర్‌ను పిలవకముందే, అరచేతి మీదున్నది పుస్తకంలోకి ఎక్కించేయడం. పీటర్ జైల్‌స్ట్రా ఆ వరుస మార్చారు.

ఇంకో రకం గొయ్యి పవర్‌పీసీ యంత్రాల మీద కనపడింది. ట్రేసరు గేటు వేసిందెవరో రాయడంతో తృప్తిపడదు. వాణ్ని వేయమన్నదెవరు అని రెండో మెట్టు కూడా అడుగుతుంది. మామూలుగా స్టాక్ మీద ఆ రెండు మెట్లూ ఉంటాయి. కానీ ప్రోగ్రాము నుంచి అప్పుడే కెర్నల్‌లోకి అడుగుపెట్టిన క్షణంలో ఒక్క మెట్టే ఉంటుంది. రెండో మెట్టు మీద కాలు పెట్టబోతే కింద ఖాళీ. కెర్నల్ కూలుతుంది. వాళ్లు దీనికేం చేశారో వింటే నవ్వొస్తుంది. ట్రేసర్‌కు రెండో మెట్టు కావాలి కదా అని, ఆ దారిలో ఒక ఉత్తుత్తి మెట్టు కట్టి పెట్టారు. బొమ్మ ఫ్రేము. అడిగినవాడికి జవాబు దొరికింది, ఎవరూ పడలేదు. మా ఆఫీసుల్లో తండ్రి పేరు తెలియని కాలమ్‌లో గీత గీసి ఫారం పూర్తి చేసినట్టు.

మూడోది నిద్ర. పనిలేనప్పుడు ప్రాసెసరు కునుకు తీస్తుంది. పాత సమాచారాన్ని ఎవరూ చదవడం లేదని రూఢి చేసుకున్నాకే పారేసే ఆర్‌సీయూ అనే ఏర్పాటు కెర్నల్‌లో ఉంది. అది నిద్రపోయేవాళ్లను లెక్కలో వేసుకోదు. కానీ నిద్రలోకి జారేటప్పుడు, లేచేటప్పుడు గేటు పడటం, లేవడం జరుగుతూనే ఉంటుంది. అప్పుడు ట్రేసరు రాయబోతే, తాను నిలబడ్డ చెక్కనే ఎవరో లాగేయొచ్చు. దీనికోసం చాలాకాలం వేరే దారులు వేశారు. ఆ వివరాలు చెబితే ఇంజినీరు గారు నన్ను బయటికి పంపుతారు.

ఒక్కో గొయ్యికి ఒక్కో చెక్క వేసి వేసి విసిగిపోయాక, 2020లో 5.8 కెర్నల్ వేళకు థామస్ గ్లైక్స్‌నర్, పీటర్ జైల్‌స్ట్రా అసలు పద్ధతే మార్చారు. ప్రోగ్రాము నుంచి కెర్నల్‌లోకి, ఇంటరప్ట్ నుంచి కెర్నల్‌లోకి వచ్చే గడప దగ్గర కొన్ని అడుగుల మేర గీత గీశారు. ఆ గీత లోపల పుస్తకం తెరవకూడదు. ఏ ట్రేసరూ అక్కడ నిలబడకూడదు. ఆ భాగానికి నోఇన్‌స్ట్ర్ అని పేరు పెట్టి కెర్నల్‌లో విడిగా ఒకచోట పేర్చారు. ఎవరైనా మరిచిపోయి ఆ గీత లోపలినుంచి బయటి ఫంక్షన్‌ను పిలిస్తే, కెర్నల్ కట్టేటప్పుడే ఆబ్జ్‌టూల్ అనే పరీక్షకుడు కేకేస్తాడు. ముందు గడప దాటాలి, కెర్నల్ తన కాళ్ల మీద తాను నిలబడాలి, ఆ తర్వాతే కలం. నన్నడిగితే ఇన్నేళ్లలో ఈ విషయంలో చేసిన తెలివైన పని ఇదే. అన్నిచోట్లా రాయగలగడం కోసం పడిన తాపత్రయం వదిలి, ఎక్కడ రాయకూడదో ఒప్పుకున్నారు.

కెర్నల్‌లో నడిచే కోడ్ మధ్యలో దాదాపు ఎక్కడైనా కొక్కెం వేసి చూసే కేప్రోబ్స్ అని ఒక పనిముట్టు 2004 నుంచి ఉంది. ఈ గీత లోపల దానికీ ప్రవేశం లేదు. దాని తమ్ముడు యూప్రోబ్స్, మామూలు ప్రోగ్రాముల్లో కొక్కేలు వేసేది, 2012లో 3.5 కెర్నల్‌తో వచ్చింది. దాని సోర్సు ఫైలు తెరిస్తే పైన, ఐబీఎం పేరు కింద, రచయితల వరుసలో మొదట శ్రీకర్ ద్రోణంరాజు అని ఉంటుంది. ఆ ఇంటిపేరు చూసి మా క్లాసులో పిల్లలు వెనక బెంచీ నుంచి కూడా లేచి చూస్తారు. నేను దాన్ని కావాలనే పెద్ద అక్షరాలతో చూపిస్తాను.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా ఏ గేటూ ఆపలేని ఇంటరప్ట్ ఒకటి ఉంది. ఎన్ఎంఐ అంటారు. 2022 జూలైలో కడెం ప్రాజెక్టు మీదికి వచ్చిన వరద గేట్ల స్తోమత అడిగి వచ్చిందా? ఇదీ అంతే. ఒక రకంగా ఇది కావలివాడు కూడా. గేటు మూసి పది సెకన్లు దాటినా తెరవని ప్రాసెసర్‌ను ఎన్ఎంఐ ద్వారానే పట్టుకుంటారు. మరి ట్రేసరు సగం మాట రాసినప్పుడు ఇది వచ్చి, తానూ రాస్తానంటే? అందుకే పుస్తకంలో రాసే పద్ధతి వేరుగా పెట్టారు. ముందు చోటు పట్టుకోవాలి, తర్వాత రాయాలి, చివర ముద్ర వేయాలి. మధ్యలో వచ్చినవాడు కింద ఖాళీ చోటు తీసుకుంటాడు. పైవాడి ముద్ర పడ్డాకే కిందివాడి రాత కూడా చెల్లుతుంది. తాళం అక్కర్లేదు. ఒక్కో ప్రాసెసర్‌కు ఒక్కో పుస్తకం, కాబట్టి పక్కవాడితో పంచాయితీ లేదు.

మళ్లీ మా కుర్రాడి దగ్గరికి వస్తాను. ఆ లైను తీసేయించాను. ఐఆర్‌క్యూస్ ఆఫ్ ట్రేసరు చాలా డిస్ట్రిబ్యూషన్ల కెర్నళ్లలో ముందుగా ఉండదు. మనమే కట్టుకోవాలి. రాత్రంతా కంపైల్ కావడానికి వదిలి ఇంటికి పోయాం. పొద్దున వచ్చి ట్రేసరు పెట్టి, గరిష్ఠ సమయం గడిలో సున్నా రాసి, యంత్రాన్ని కాసేపు నెట్‌వర్క్ పని మీద వదిలాం. తర్వాత ట్రేసరు రాసిన ఫైలు తెరిచాం.

పైన ఎంతసేపు అన్నది మైక్రోసెకన్లలో ఉంటుంది. దాని కింద గేటు ఎక్కడ పడింది, ఎక్కడ లేచింది అని రెండు పేర్లు. ఆ కింద వరుస వరుసగా ప్రతి అడుగూ. గేటు మూసి ఉన్న ప్రతి వరుసలో ఒక చిన్న 'డి' అక్షరం. మాకు కనపడిన సమయం మైక్రోసెకన్లలో వందలు దాటి వేలల్లో ఉంది. మావాడు నెట్‌వర్క్ కార్డు డ్రైవరు మీద అనుమానపడ్డాడు. కిందికి జరుపుతూ పోతే ఒకే పేరు మళ్లీ మళ్లీ, పేజీల కొద్దీ. వెయిట్ ఫర్ ఎక్స్‌మిటర్. పంపే గడి ఖాళీ అయ్యేదాకా ఆగు, అని అర్థం.

"ఎవల కోసం ఆగుతుంది సార్ ఇది?"

"నీ కోసమే రా."

వారం కింద డ్రైవరు ఇంటరప్ట్ వచ్చిందో లేదో చూద్దామని, ఆ డ్రైవర్లో వాడే ఇంకో ప్రింట్‌కే పెట్టి మరిచిపోయాడు. ఆ యంత్రం సందేశాలన్నీ ఒక సీరియల్ తీగ మీద పక్క యంత్రానికి పోయేలా పెట్టాం. ఆ తీగ వేగం 1,15,200 బాడ్. ఒక అక్షరానికి పది బిట్లు. అంటే ఒక్క అక్షరం తీగ మీదికి ఎక్కడానికి సుమారు 87 మైక్రోసెకన్లు. వాడి వాక్యం అరవై అక్షరాలు. లెక్క వాడే వేశాడు, అయిదు మిల్లీసెకన్లు దాటింది. అంతసేపూ గేటు మూసి ఒక్కో అక్షరాన్ని రోడ్డు దాటించారు. మనం మైక్రోసెకన్ల కోసం వెతుకుతుంటే, ఊళ్లో బండ్లన్నిటినీ ఆపింది మన సొంత ఎడ్లబండే.

ప్రింట్‌కే తీసేసి ట్రేస్ ప్రింట్‌కే పెట్టించాను. అది తీగ మీదికి పోదు, మెమరీలో పుస్తకంలో రాసి ఊరుకుంటుంది. మళ్లీ కొలిచాం. వేలల్లో ఉన్న అంకె పదుల్లోకి దిగింది. వాడు సంతోషపడతాడనుకున్నాను. పడలేదు. ఫైలు మూసి అడిగాడు.

"మరి ఈ ట్రేసర్ రాసుడుకు కూడా టైం పడతది గద సార్. గీ అంకెల దానిది ఎంత?"

ఆ ప్రశ్న నేను అడగాల్సింది. ట్రేసరు లేని కెర్నల్ ఒకటి, ఉన్నది ఒకటి, రెండింటి మీదా బయటినుంచి టైమరు పెట్టి ఒకే పని కొలిచి చూడమన్నాను. మళ్లీ రాత్రంతా కంపైల్. వాడు కరీంనగర్ బస్సు పోతుందని సంచి భుజాన వేసుకుని పరుగెత్తాడు. లైటు ఆపడం మరిచాడు, యంత్రం ఫ్యాను చప్పుడు తప్ప ల్యాబులో ఏమీ లేదు.

అద్దం అవతల ఇంజినీరు గారు గడియారం చూపిస్తున్నారు. నా ఎర్రబల్బు కూడా చాలాసేపటి నుంచి వెలుగుతోంది. వరండాలో టీ చల్లారి ఉంటుంది. సెలవు.